గోడ మీద మా అత్త

కొత్త టీవీ గోడకు బిగించిన రోజు నుంచీ మా మామకు ఒకటే దిగులు. చిక్కబళ్ళాపురంలో అత్త కొడుకు ఇల్లు కట్టుకుని, అమ్మానాన్నలను బాగేపల్లి దగ్గరి ఊరి నుంచి పిలిపించుకుని, హాలులో ఒక గోడకు దాదాపు తలుపంత టీవీ పెట్టించాడు. పోయిన నెల నేను చూడ్డానికి వెళ్ళేసరికి మామ దాని ముందు కుర్చీ వేసుకుని, కొత్త చొక్కా మీద మరకను చూసినట్టు దాన్ని చూస్తున్నాడు. ఏదో పాత సినిమా వస్తోంది. బొమ్మకు పైన ఒక నల్లపట్టీ, కింద ఒక నల్లపట్టీ.

"చూస్తివా పాపా," అన్నాడు నన్ను చూడగానే. నాకు మనవలు పుట్టినా మామకు నేను పాపనే. "ఇంత పెద్ద టీవీ తెచ్చినారు. తెచ్చి, పైనా కిందా మూసిపెట్టినారు. మనుషుల తలలూ కాళ్ళూ యాడికి పోయినాయో ఏమో."

"తలలూ కాళ్ళూ అన్నీ ఉండాయి తాతా," అంది మామ మనవరాలు. ఆ అమ్మాయి బెంగళూరులో వీడియోలు ఎడిటింగ్ చేసే ఉద్యోగంలో ఉంది, సెలవు దొరికితే ఇంటికి వస్తుంది. "సినిమా తీసిందే అంత వెడల్పుగా. టీవీ అంత వెడల్పు లేదు. మొత్తం చూపించాలంటే పైనా కిందా ఖాళీ మిగుల్తాది."

"ఖాళీ నాకెందుకు? నింపు."

ఆ అమ్మాయి రిమోటు నొక్కింది. బొమ్మ ఉబ్బి తెరంతా పరుచుకుంది. మామ ముఖం కూడా అంతే విప్పారింది. కాని అంతవరకు ఎడమ పక్కన చెట్టు కింద నిలబడి ఉన్న ఒక ముసలాయన కనపడకుండా పోయాడు. చెట్టు కూడా సగమే మిగిలింది.

"ఆయప్ప యాడికి పోయినాడు?" అన్నాను.

"పక్కలు తెగిపోతాయి పెద్దమ్మా. తెర నిండుగా కావాలంటే పక్కనుండేవాళ్ళు పోతారు."

"పోతే పోనీ," అన్నాడు మామ. "హీరో ఉండాడు గదా నడిమధ్యలో. చాలు."

వంటింటి గడప దగ్గర చాప మీద కూర్చుని అత్త అనపగింజలు పితుకుతోంది. నానిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొట్టు చేతిలో ఉండిపోయి పప్పు టప్పుమని గిన్నెలోకి దూకుతుంది. ఆ పచ్చి వాసన ఇల్లంతా నిండి ఉంది. మా మాటలకు అత్త తల ఎత్తలేదు. నాకు మాత్రం 'పక్కనుండేవాళ్ళు పోతారు' అన్న మాట అన్నంలో రాయిలా తగిలింది. ఎందుకు తగిలిందో వెంటనే తెలియలేదు. కాఫీ తాగుతున్నంతసేపూ తెలియలేదు. లోటా కడిగి బోర్లిస్తుంటే గుర్తొచ్చింది, నా చిన్నప్పటి గౌను, ఆ గౌను మీద పడిన ఒక గాజుల అంగడి.

ఇది చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. అందులో ఉన్న నాకే ఇన్నేళ్ళూ అయోమయంగా ఉంటే, వినేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అత్త మా నాన్నకు ఆఖరి చెల్లెలు. గుడిబండె కొండ కనపడేంత దూరంలో మా ఊరు. అత్తకు పెళ్ళి కాకముందు నా తల దువ్వడం ఆమె వంతు. ఆముదం చేతిలో పోసుకుని నడినెత్తిన చరిచి, ఈరుపేను దువ్వెనతో లాగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నేను లేచి పారిపోకుండా ఆమె చెప్పే కథ ఒకటుంది. రాజుల కథ, దయ్యాల కథ కాదు. కొండ కిందికి సినిమా వాళ్ళు వచ్చిన కథ.

కొండ కింద బయల్లో సినిమా వాళ్ళు ఉత్తుత్తి పరస ఒకటి కట్టారట. జాతరలో ఉండేవన్నీ పెట్టారట, మిఠాయి అంగడి, బొరుగుల అంగడి, రంగులరాట్నం, గాజుల అంగడి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళను పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకుని రమ్మన్నారట. అందరినీ అక్కడక్కడా నిలబెట్టి, మా అత్తను గాజుల అంగడి ముందు కూర్చోబెట్టారు. హీరో ఆ పక్కగా నడిచిపోతాడు. అంతే ఆమె పని.

"ఉత్తుత్తి పరసలో నిజం గాజులే ఉండె పాపా," అనేది అత్త. "ఆ గాజులాయప్ప నా చెయ్యి పట్టుకొని తొడిగేది. ఆ హీరో నడక సరిగ్గా రాలేదంటే మళ్ళ ఊడబెరికేది. మళ్ళ తొడిగేది. చెయ్యంతా గీరుకుపాయె."

"తర్వాత?" అని నేను. తర్వాత ఏముందో నాకు తెలుసు, అయినా అడగాలి.

"తర్వాత ఒకాయప్ప 'క్యామెరా నోడబేడమ్మా' అని కన్నడంలో అరిచె. చూడొద్దంట. యాడుండాదో తెలిస్తే గదా పాపా చూడకుండా ఉండేది? ఇదేనా అని తిరిగి చూస్తిని. అంతే. అయిపోయింది, పొండి అనిరి."

అట్లా తిరిగి చూసిన చూపు సినిమాలో ఉందో తీసేశారో తెలియకుండానే అత్తకు పెళ్ళయిపోయింది.

మామ వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. బడికి సెలవులిస్తే నన్ను అక్కడ దింపేవారు. ఆ ఇంట్లో పురుగులకు ఒక గది, మనుషులకు ఒక గది, మనుషుల గదిలో కూడా సగం పురుగులే. తట్టల నిండా మల్బరీ ఆకు పరిస్తే అవి తింటున్న చప్పుడు వాన పడుతున్నట్టు వినిపించేది. ఆకు వాసన, పురుగులు తినగా మిగిలిన రొట్ట వాసన, వాటి మధ్య వంటింట్లోంచి కాల్చిన శెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వాసన. పురుగులకు పడదని పౌడరు పూసుకోనిచ్చేవారు కాదు, బీడీ కాల్చే చుట్టాలు వస్తే వీధి అరుగు దగ్గరే ఆపేసేవారు. మామ తల్లి, మేమంతా అవ్వ అనేవాళ్ళం, ఆమె నన్ను ఎప్పుడు చూసినా "చేతులు కడుక్కుంటివా?" అనేది. పలకరింపు అదే.

మామ అప్పట్లో పొడుగ్గా ఉండేవాడు, ఊరికే నవ్వేవాడు. పెళ్ళాం సినిమాలో ఉందన్న సంగతి ఆయన తన నోటితో చెప్పని మనిషి ఆ తాలూకాలో లేడు. గూళ్ళు అమ్మడానికి చింతామణి మార్కెట్టుకు వెళ్ళినా అదే మాట. ఆ సినిమా చింతామణి థియేటరుకు వచ్చినప్పుడు మాత్రం వెళ్ళడానికి కుదరలేదు. పురుగులు గూడు కట్టే వారం అది, ఇల్లు వదిలి కదలకూడదు. చూసొచ్చిన ఒక వ్యాపారి మార్కెట్టులో మామ భుజం తట్టాడట.

"గాజులంగడి కాడ ఉండే ఆయమ్మ నీ పెండ్లామంట గదప్పా? నేరుగా మనల్నే చూస్తాది. నేనైతే తల దించుకొంటిని."

ఆ మాటను మామ ఇంటికి తెచ్చి, అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునేటప్పుడు ఒకసారి చెప్పాడు. అత్త "చాల్లే, చాల్లే" అంటూనే ఇంకోసారి చెప్పించుకునేది.

గూళ్ళు అమ్ముడుపోయి చేతులు ఖాళీ అయ్యాక, అదే సినిమా బాగేపల్లి బయట టెంటుకు వచ్చింది. టెంటు అని పేరే గాని గుడారం కాదు, చుట్టూ మట్టి గోడలు, పైన తగరపు రేకులు. కింద ఇసుక. ఆట మొదలయ్యే ముందు నీళ్ళు చల్లితే ఆ ఇసుక వాసన, బీడీ పొగ, కనకాంబరాల మధ్య నలిగిన మరువం, ఉల్లిపాయ కలిపిన బొరుగులు అన్నీ ఒకటై వచ్చేవి. ఆ వాసన మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు.

టెంటులో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క కూర్చోవాలి. మధ్యలో వెదురు తడిక. మొగుడూ పెళ్ళాలు తలుపు దాకా కలిసొచ్చి, అక్కడ విడిపోయి, ఆట అయ్యాక మళ్ళీ కలిసేవాళ్ళు. తెర అంటే నాలుగు పక్కలా ఒకే కొలతలో చదరంగా ఉండే తెల్లగుడ్డ. దాని ఎడమ అంచున తాళ్ళు కట్టడానికి ఒక వెడల్పాటి బండను నిలువుగా పాతారు. ఆ బండకు అవతల, మా ఆడవాళ్ళ మూలలో, సున్నం కొట్టిన గోడ. మగవాళ్ళ వైపు నుంచి చూస్తే బండ కనపడుతుంది గాని ఆ గోడ కనపడదు. బొమ్మ వేసే మిషను గది కూడా ఆడవాళ్ళ వైపే ఒక మూల ఉండేది.

మామూలు సినిమా అయితే బొమ్మ గుడ్డలో ఒదిగిపోయేది. పోస్టరు మీద 'స్కోపు' అని రాసి ఉన్న సినిమా వస్తే గుడ్డ చాలేది కాదు. మిగిలిన బొమ్మ పక్కలకు పొంగిపోయేది. మగవాళ్ళ వైపు పొంగింది తలుపు చీకట్లో కలిసిపోయేది. మా వైపు పొంగింది గోడ మీద పడేది. పెద్దవాళ్ళు దాన్ని లెక్క చేసేవారు కాదు గాని పిల్లలం మాకు అదే అసలు సినిమా. సగం గుర్రాలు, మనిషి లేని గొడుగులు, రైలు తోక, ఎవరో తెలియనివాళ్ళు. గోడకు వీపు ఆనించి నిలబడితే ఆ బొమ్మలు మన మీదే పడేవి. నా పొట్ట మీద ఒకసారి ఏరు పారింది. నా స్నేహితురాలి ముఖం మీద ఒక పోలీసు మీసం పడితే దాన్ని తుడుచుకోవడానికి చూసి నవ్వించింది. మమ్మల్ని లాగి కూర్చోబెట్టడానికి ఎవరో ఒక అవ్వ కొంగు విదిలించుకుంటూ వచ్చేది, ఆమె వీపు మీద ఇంకో గుర్రం పరిగెత్తేది.

ఆ సాయంత్రం మామ ఊరినంతా వెంటబెట్టుకుని వచ్చాడు. బండ్లు కట్టించాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, మగవాళ్ళ మధ్యలో తన పెళ్ళే అన్నట్టు కూర్చున్నాడు. "ఉండండప్పా, వస్తాది, వస్తాది," అన్న ఆయన గొంతు తడిక అవతల నుంచి మాకు వినపడుతూనే ఉంది. అత్త మా వైపు ఆడవాళ్ళ నడుమ తల వంచుకుని, చీర అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను మామూలుగా గోడ దగ్గరికి చేరాను.

పరస వచ్చింది. రంగులరాట్నం తిరిగింది. హీరో జనంలోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఉన్నట్టుండి మా ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచి నా వైపు చేతులు చాపారు.

"అదో! అదో!"

"తిరిగి చూస్తాది చూడండే, మనల్నే చూస్తాది!"

నాకు ఏమీ అర్థం కాలేదు. వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. మిషను వెలుగు నా కళ్ళలో సూటిగా కొడుతోంది. తల వంచి చూసుకుంటే నా గౌను మీద గాజుల వరసలు, ఎర్రవీ పచ్చవీ, వాటి మధ్య ఒక మోచెయ్యి. ముఖం ఎక్కడుందో నాకు కనపడలేదు. నా ముఖం మీదే ఉండి ఉంటుంది. గోడ చూద్దామని వెనక్కి తిరిగేసరికి బొమ్మ మారిపోయి అక్కడ ఎవరి ఇంటి గుమ్మమో ఉంది.

తడిక అవతల మాత్రం ఎవరో అన్నారు: "యాడప్పా?" ఇంకెవరో నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని, తడిక కొసదాకా పాకింది. మామ గొంతు మళ్ళీ వినపడలేదు.

తిరుగు ప్రయాణంలో మొదలైన జగడం వారం రోజులు ఊరిని నిద్రపోనివ్వలేదు. ఏ ఇంట్లో చూసినా పెళ్ళాం ఉందంటుంది, మొగుడు లేదంటాడు. "మా కండ్లతో చూసినాం" అని ఆడవాళ్ళు. "మాకు మాత్రం కండ్లు లేవా?" అని మగవాళ్ళు. అవ్వ అయితే పురుగుల గదిలో దీపం మీద చెయ్యి పెట్టి చెప్పింది, కోడలు ఉంది, తిరిగి చూసింది అని. ఎక్కడ చూశావు అంటే మాత్రం ఉన్నమాటే చెప్పింది, గోడ మీద అని.

అక్కడే మునిగింది కథ. "గోడ మీద బల్లులుంటాయమ్మా, సినిమా యాడుంటాది?" అన్నారు మగవాళ్ళు. బడి మేష్ట్రును అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, తెర మీద లేనిది సినిమాలో లేనట్టే అని తీర్పు చెప్పాడు. ఆడవాళ్ళంతా ఒకటై కోడలిపిల్ల పరువు కాపాడుతున్నారని, చింతామణి వ్యాపారి తనను ఆట పట్టించాడని మామ మనసులో గట్టిపడిపోయింది.

సినిమా ఇంకో ఆట మిగిలి ఉంది. అత్త ఆయనను బతిమాలడం నేను విన్నాను. ఆకు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఇయ్యాల ఒక్క తూరి నా పక్కన వచ్చి కూర్చోప్పా. టెంటాయప్పను నేనే అడుగుతాను. నీకే చూపిస్తాను."

"ఆడోళ్ళ నడుమ కూర్చొని సినిమా చూడాల్నా నేను? ఉండే పరువు చాలదా?"

ఆయన వెళ్ళలేదు. మర్నాడు పోస్టరు మారిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం మామ నన్ను అరుగు మీదికి పిలిచి, ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు. చిన్నపిల్ల కదా, అబద్ధం చెప్పదు అనుకున్నాడేమో.

"నువ్వు చెప్పు పాపా. మీ అత్తను నువ్వు చూస్తివా?"

నేను బాగా ఆలోచించాను. చూశానంటే చూడలేదు. చూడలేదంటే అది కూడా నిజం కాదు.

"నా మీద పడింది మామా," అన్నాను.

ఆయన నా తల నిమిరి, లేచి, లోపలికి పోయాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక మాట పుట్టింది. అత్త ఏం చెప్పినా మామ "గోడ మీద చూసినావా?" అనేవాడు. దూడకు ఒళ్ళు వెచ్చగా ఉంది అంటే, గోడ మీద చూసినావా? రేపు వాన వస్తుంది అంటే, గోడ మీద చూసినావా? మొదట్లో నవ్వుతూ అన్నాడు. తర్వాత నవ్వు పోయి మాట మిగిలింది. ఒకసారి ఆకు మోపు విప్పుతూనే అత్త ముక్కు చిట్లించి, దీనికి పక్క చేను మందు వాసన ఉంది, పురుగులకు వేయొద్దు అంది. మామ అదే మాట అని వేయించాడు. తెల్లారేసరికి తట్టల్లో పురుగులు తల వేలాడేసి ఉన్నాయి. వాటిని గంపలకెత్తి దిబ్బలో పోస్తున్నప్పుడు కూడా అత్త ఆయనను ఏమీ అనలేదు. అననందుకు నాకే కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

నేను పెద్ద తరగతులకు వచ్చాక మేష్ట్రు ఇంటికి టీవీ వచ్చింది, చెక్క తలుపులున్న పెట్టె. ఒక ఆదివారం సాయంత్రం ఆ సినిమా వేస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా ఆయన వాకిట్లో కూర్చుంది. అక్కడ తడిక లేదు, బండ లేదు. ఆడవాళ్ళకు పట్టరాని ధైర్యం. "ఇప్పుడు చూడండి మీ కండ్లతోనే," అని మగవాళ్ళను వాళ్ళే పిలుచుకుని వచ్చారు. మామ కూడా వచ్చాడు, వెనకగా నిలబడ్డాడు. అత్త మేష్ట్రు భార్య పక్కన కూర్చుంది. కొత్త జాకెట్టు వేసుకుంది. అది నాకు బాగా గుర్తుంది.

పరస వచ్చింది. రాట్నం సగమే తిరిగింది. హీరో వచ్చాడు. గాజుల అంగడి కొసన, పెట్టె అంచులోంచి పొడుచుకొచ్చినట్టు, ఒక చెయ్యి. గాజులాయన ఆ చేతికి గాజులు తొడుగుతున్నాడు. చేతికి వెనక మనిషి లేదు. హీరో పోయాడు, అంగడి పోయింది, చెయ్యి పోయింది.

అత్త మెల్లిగా అంది: "అది నా చెయ్యే."

"చెయ్యికి పేరు రాసి ఉంటాదా?" అన్నాడు మామ వెనక నుంచి.

అప్పుడు జరిగింది నాకు ఇంకా బాధగా ఉంటుంది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గోడ లేదు, తెర లేదు, అంతా ఒకే పెట్టె, అందులో ఆమె లేదు. మరి ఆ సాయంత్రం మనం చూసింది ఏమిటి? ఒకామె "ఏమో, వేరే సినిమానేమో" అంది. అవ్వ, దీపం మీద చెయ్యి పెట్టిన అవ్వ, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఏమోనే, ఆ పొద్దు నాకు నిద్రమత్తుగా ఉండె" అంది. మామ మాటకు తొణకని అత్త ఆ మాటకు తల తిప్పుకుంది. ఇంటికి పోయి కొత్త జాకెట్టు విప్పి మడిచి, పురుగులకు ఆకు వేయడానికి కూర్చుంది. తర్వాత ఎప్పుడూ ఆ కథ ఆమె నోట నేను వినలేదు. నా తల నేనే దువ్వుకునే వయసు వచ్చేసింది కూడా.

లోటా బోర్లించి హాలులోకి వచ్చి మనవరాలి చెవిలో ఆ సినిమా పేరు చెప్పాను. అత్త సినిమాలో ఉందన్న సంగతే ఆ అమ్మాయికి తెలియదు. రిమోటును నోటి దగ్గర పెట్టుకుని పేరు పలికితే సినిమా వచ్చేసింది. ఎవరో పాత రీలును శుభ్రం చేసి, రంగులు తేల్చి, మొత్తంగా పెట్టారట. మొదటి పాట వినగానే మామ గుర్తుపట్టేశాడు.

"ఇదెందుకు ఇప్పుడు? ఆపు."

"కొంచెం సేపు మామా," అన్నాను.

ఆయన లేచి పోలేదు. వంటింటి గడప దగ్గర టప్పుటప్పుమనే చప్పుడు ఆగలేదు. తెర ఇంకా నిండుగానే ఉంది, మామ కోరుకున్నట్టు. పరస వచ్చింది. రాట్నం సగం, అంగడి సగం, అంచులోంచి చెయ్యి.

"అదే చెయ్యి," అన్నాడు మామ. "చూడు, చెయ్యే."

"పట్టీలు రానీ అమ్మణ్ణీ," అన్నాను ఆ అమ్మాయితో.

బొమ్మ చిన్నదైంది. పైనా కిందా నలుపు వచ్చింది. పక్కలు విచ్చుకున్నాయి. రాట్నం నిండుగా గుండ్రమైంది, అంగడి పూర్తయింది, చేతికి భుజం వచ్చింది, భుజానికి తల వచ్చింది. జడ వేసుకున్న ఒక పడుచుపిల్ల. అటూ ఇటూ వెతుక్కుని, ఇదేనా అన్నట్టు తిరిగి, సూటిగా మా ముగ్గురినీ చూసింది. మనవరాలు బొమ్మను అక్కడే ఆపింది.

"పాత టీవీలు చదరంగా ఉండేవి పెద్దమ్మా," అంది మెల్లిగా. "దాంట్లో పట్టాలని పక్కలు కోసేసినారు."

"ఎవరిని అడిగి కోసినారు?" అన్నాడు మామ. "నింపు." చెయ్యి మాత్రమే మిగిలింది. "తియ్యి." మనిషి వచ్చింది. "నింపు." మనిషి పోయింది. "తియ్యి. తియ్యి తల్లీ. అట్లే ఉండనీ. నలుపుంటే ఉండనీ."

తర్వాత వంటింటి వైపు తిరిగాడు.

"ఏమే! ఇట్ల రా. నువ్వుండావు."

"యాడ?" అంది అత్త తల ఎత్తకుండా. "గోడ మీదనా?"

టీవీ నిజంగానే గోడ మీద ఉంది. మామ ఇంకోసారి దాని వైపు తిరిగి చూశాడు.

"గోడ మీదే," అన్నాడు. "గోడ మీదే ఉండావు. రా."

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుంది. ఆ పిల్లను అత్త చూసింది, అత్తను ఆ పిల్ల చూసింది.

"ఎవరది?" అంది అత్త. "నేనేనా? నేనింత తెల్లగా ఉంటినా? నా చీర పచ్చది గదా, ఇదేందో నీలంగా ఉండాది. నేను కాదేమోప్పా."

"నువ్వే."

"ఎవరో ఏమో. ఆ పొద్దు చానామంది వచ్చిండ్రి."

"నువ్వే," అన్నాడు మామ. "నాకు తెలీదా?"

ఇన్నేళ్ళూ ఉన్నానని ఆమె, లేవని ఆయన. ఇప్పుడు కాదని ఆమె, అవునని ఆయన. మనవరాలు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నాకూ తెలియలేదు. ఆ పిల్ల అత్తేనని ప్రమాణం చేయమంటే నేనూ చేయలేను. ఆమె ముఖం నా మీద పడిందే గాని నేను చూసింది లేదు కదా.

అత్త వెళ్ళి మళ్ళీ చాప మీద కూర్చుంది. మామ లేచి, కుర్చీని నేల మీద కిర్రుమని ఈడ్చుకుంటూ హాలు దాటి ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆ పొద్దే వచ్చి కూర్చోవాల్సిండె," అన్నాడు.

"ఇప్పుడు కూర్చుంటివి గదా," అంది అత్త. అనపగింజల గిన్నె ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. "పితుకు."

ఆయన గింజ తీసుకుని నొక్కాడు. పప్పు గిన్నెలో పడకుండా ఎక్కడికో ఎగిరిపోయింది. ఇంకోటి తీసుకున్నాడు. గోడ మీద ఆ పిల్ల ఇంకా చూస్తూనే ఉంది.

"పాపా," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ పొద్దు నీ మీద పడిందంటివే."

"అవును మామా."

"ఆ గౌను యాడుండాది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అవ్వ దాన్ని ఆ మరుసటేడే చింపి, పురుగుల తట్టలు తుడిచే గుడ్డ చేసింది.